ఒకరోజు ముందు వెళ్ళిన మనిషి

మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభైకి యాంగోన్‌లోని లమ్మడా పేటలో ఆ ఇరుకు మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగాను. వయసు అని చెప్పుకోవచ్చు, యాభై మూడు నిండాయి. కానీ అబద్ధం ఎందుకు, అది భయమే. ఇరవై రెండేళ్ళు ఓడల ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు విచారించాను. మునిగిన సరుకూ, కాలిన సరుకూ, అసలు ఓడే ఎక్కని సరుకూ, అన్నీ చూశాను. పోయిన సరుకును వెతికేటప్పుడు భయం వేయదు. పోయింది మనిషి అయితే వేస్తుంది. ఆ మనిషి పోలేదని ఊరంతా నమ్ముతుంటే ఇంకా ఎక్కువ వేస్తుంది.

ఆ మనిషి పేరు జయ. ఇరవై ఆరేళ్ళు. చిమిండైంగ్ పేటలో అక్క పద్మినితో కలిసి ఉంటుంది, వాళ్ళకు వేరే ఎవరూ లేరు. పద్మిని కుట్టుపని చేస్తుంది, నా బట్టలు కుట్టేదీ ఆమే. జయ ఐదేళ్ళుగా లమ్మడాలో కోటిబాబు నడిపే ట్రావెల్సులో పనిచేస్తోంది. తక్కువ ఖర్చుతో యూరప్ చూపించడం కోటిబాబు వ్యాపారం. పదహారు రోజులు, ఆరు దేశాలు. హోటళ్ళు ఉండవు, ఒక్కో గదిలో ఎనిమిది మంచాలుండే హాస్టళ్ళు. ఒక ఊరినుంచి ఇంకో ఊరికి రాత్రి బస్సు, దాంతో ఒక రాత్రి అద్దె మిగులుతుంది. ఈ ప్లాన్లన్నీ కుర్చీలో కూర్చుని గీసింది జయే. పాపం, ఆ పిల్ల ఒక్కసారైనా ఆ ఊళ్ళు చూడలేదు.

ఈ జూలైలో మొదటిసారి పంపించారు. ఎండాకాలం రద్దీలో అక్కడి హాస్టళ్ళవాళ్ళు ముందే బుక్ చేసిన మంచాలు కూడా ముందొచ్చినవాడికి ఇచ్చేస్తారట. అందుకని గుంపు కన్నా ఒకరోజు ముందు ఒక మనిషి వెళ్ళి మంచాలు పట్టి ఉంచాలి. గుంపు ఆంస్టర్‌డామ్‌లో దిగేసరికి ఆ మనిషి బ్రస్సెల్స్‌లో ఉంటుంది, గుంపు బ్రస్సెల్స్ చేరేసరికి పారిస్‌లో ఉంటుంది. ఆ ముందు మనిషి జయ. మూడో తారీఖు గురువారం బయల్దేరింది. మొదటి ఊళ్ళో పని ఎక్కువని ఆ పిల్లకు ఇంకో రోజు అదనంగా ఇచ్చారు, గుంపు శనివారం బయల్దేరింది. వచ్చే ఆదివారం అందరూ తిరిగి రావాలి.

పదకొండు రోజులుగా పద్మినికి రోజుకొక మెసేజీ వస్తోంది. ఫోన్ చేస్తే ఎత్తదు. హాస్టల్లో అందరూ పడుకున్నారు, నెట్ సరిగా లేదు, ఇవే జవాబులు. ఒక్కసారైనా చెల్లెలి గొంతు వినిపించలేదు. ఠాణాకు వెళ్ళమని నేనే చెప్పేదాన్ని, కానీ దేశం దాటేవాళ్ళను సైన్యం అనుమానంగా చూసే ఈ రోజుల్లో ఆడపిల్ల దేశం దాటిందని వెళ్ళి ఠాణాలో చెప్పుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. నిన్న సాయంత్రం పద్మిని నా గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది.

"ఆంటీ, నా సెల్లి బతికున్నాదో నేదో సెప్పండి సాలు. ఇంకేటీ అడగను."

మెట్ల కింద జోగి కిళ్ళీ బడ్డీ ఉంది. పైకి వెళ్ళకముందే అతన్ని కదిపాను. మూడో తారీఖు గుర్తుందా అంటే గుర్తుందన్నాడు. ఆ రోజు ట్రావెల్సువాళ్ళ వేను తన బడ్డీకి అడ్డంగా పెట్టారట, సాయంత్రం ఆరు కొట్టేదాకా తీయలేదట. డ్రైవరుతో మూడుసార్లు గొడవపడ్డానని, ఆ రోజు బేరం మొత్తం పోయిందని తిట్టుకుంటూ చెప్పాడు. నేను టైము రాసుకున్నాను.

కోటిబాబు గదిలో జనరేటరు మీద ఏసీ నడుస్తోంది. మనిషి పొట్టి, చేతికి రెండు ఉంగరాలు, మాట మాత్రం వెన్నపూస. నన్ను చూడగానే లేచి "రండి సయామా" అని బర్మా పద్ధతిలో మర్యాద చేశాడు. జయ విమానం ఎక్కిన రోజు సంగతులు చెప్పమన్నాను.

వేను మూడూ పదికి చిమిండైంగ్‌లో ఇంటిముందు జయను ఎక్కించుకుంది. ఇది పద్మిని చెప్పింది, కోటిబాబూ ఒప్పుకున్నాడు. మూడూ యాభైకి ఆఫీసుకొచ్చింది, టికెట్ల కవరు తీసుకోవడానికి. ఇదీ ఒప్పుకున్నాడు. విమానం ఏడూ నలభై అయిదుకి. మరి ఆఫీసునుంచి ఎన్నింటికి కదిలిందని అడిగాను. నాలుగూ పావుకన్నాడు, అరక్షణం కూడా ఆలోచించకుండా. ఐదూ నలభైకి జయ ఫోన్‌నుంచి అక్కకు "చెకిన్ అయిపోనాది" అని మెసేజీ వచ్చింది. ఆ మెసేజీ సంగతి నేను ఎత్తకముందే ఆయనే ఎత్తాడు.

"అయితే ఆరింటిదాకా కింద నిలబడిన వేను ఎవరిదండీ?" అన్నాను.

ఏసీ గదిలో కోటిబాబు నుదురు తుడుచుకున్నాడు. జోగికి ఎప్పుడూ కిళ్ళీ మత్తేనని, వాడికి గురువారానికీ శుక్రవారానికీ తేడా తెలియదని అన్నాడు. నేను జోగి పేరు ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

తడుముకున్న సంగతి ఆయనకూ తెలిసింది. నవ్వు తగ్గిపోయింది. ఫోను తీసి జయ పేరుమీదున్న బోర్డింగు కార్డు ఫోటో చూపించాడు. పాస్‌పోర్టుమీద ముద్ర పడింది, వీసా మీద మనిషి దిగింది, ఇంకేం కావాలని అడిగాడు. నాకు ఆ ఫోటోలో ఒకటే కనిపించింది. జయ పాస్‌పోర్టు విమానం ఎక్కింది. జయ ఎక్కిందని అందులో ఎక్కడా లేదు. యూరప్ వీసా పడిన పాస్‌పోర్టు చేతికొస్తే, దేశం దాటాలని ఆత్రపడే ఇంకో ఆడమనిషి దానితో దర్జాగా దాటేస్తుంది. అటుపక్క దిగి మాయమైపోతుంది. ముందు మనిషిని గుంపులో ఎవరూ చూడక్కరలేదు కాబట్టి అడిగేవాళ్ళూ ఉండరు.

వేను ఆరింటిదాకా కిందే ఉంటే, ఐదూ నలభైకి చెకిన్ అయిందని రాసిన ఫోను ఎవరి చేతిలో ఉన్నట్టు? జయ ఎక్కడ ఉన్నట్టు?

పైకి మాత్రం నింపాదిగా, చెల్లెలి బల్లలో ఉన్న సొంత సామాను తెమ్మని పద్మిని పంపిందని చెప్పి, ఆమె ఇచ్చిన మారు తాళంచెవి చూపించాను. కోటిబాబు తీసుకోమని చెయ్యి ఊపి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఎవరికో ఫోను చేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అప్పుడు పదీ ఐదు.

జయ బల్ల కిటికీ పక్కన ఉంది. బల్ల మీద అద్దం కింద ఒక కాగితం, ప్రయాణికుల కోసం జయ తన చేతిరాతతో రాసింది. విమానం ఎక్కేముందు తాళంకప్పా, ప్లగ్గూ, కళ్ళగుడ్డా తప్పనిసరిగా చూసుకోవాలని ఉంది. హాస్టల్లో బీరువాకు తాళం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. అక్కడి ప్లగ్గు మన ప్లగ్గు కాదు. కళ్ళగుడ్డ ఎందుకో నాకు అర్థం కాలేదు.

సొరుగు తీశాను. పైనే ఒక ప్లాస్టిక్ కవరు, దానిమీద జయ అని పేరు. లోపల కొత్త ఇత్తడి తాళంకప్ప, ప్లగ్గు, నీలంరంగు లుంగీగుడ్డతో కుట్టిన కళ్ళగుడ్డ. కుట్టు చూస్తే పద్మినిదని తెలుస్తోంది. పన్నెండుమంది ప్రయాణికులకు ఇవి మరిచిపోకండని పోరుపెట్టిన పిల్ల తనవి తాను సొరుగులో వదిలేసి వెళ్ళదు. మూడూ యాభైకి ఇవి తీసుకుందామనే పైకి వచ్చి ఉంటుంది. ఈ బల్లదాకా రానివ్వలేదు.

కవరు కింద ప్లాను పుస్తకం ఉంది. ఒక్కో ఊరికి ఒక్కో పేజీ. ఏ స్టేషన్లో మంచినీళ్ళ కుళాయి ఉంది, ఏ మ్యూజియం ఏ పూట ఊరికే చూపిస్తారు, ఏ కొట్లో సాయంత్రం రొట్టె సగం ధరకు దొరుకుతుంది, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ప్రతి పేజీ పైనా కుడిపక్క సూర్యుడి బొమ్మ, దాని పక్కన ఒక టైము. ఆంస్టర్‌డామ్ దగ్గర పది. పారిస్ దగ్గర తొమ్మిదీ యాభై అయిదు. ప్రాగ్ దగ్గర తొమ్మిదీ ఐదు. మొదట బస్సు టైము అనుకున్నాను. మొదటి పేజీ అడుగున ఆ పిల్లే విప్పి చెప్పింది: "ఇది పొద్దు గుంకే టైము. జూలైలో రాత్రి దాకా వెలుతురే. సాయంత్రం ఐదు తరవాత టికెట్లు కొనకండి, బయట ఊరికే తిరిగితే ఊరంతా చూడొచ్చు. నిద్రకి కళ్ళగుడ్డ కట్టుకోండి."

నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. తరవాత సంచిలోంచి పద్మిని నోటుబుక్కు తీశాను. చెల్లెలి మెసేజీలన్నీ ఆమె తేదీలు వేసి అందులోకి ఎక్కించి ఇచ్చింది. నిన్న రాత్రంతా నేను వాటిని చదువుతూనే ఉన్నాను.

మొదటిది నాలుగో తారీఖుది, ఆంస్టర్‌డామ్‌నుంచి. అక్కను అప్పా అనడం జయ అలవాటు. "అప్పా, ఇప్పుడే ఏడయింది. సీకటి పడిపోనాది. వీది దీపాలు ఎలిగినాయి. నాను బాగున్నాను." రెండోదీ అంతే. పారిస్‌దీ అంతే. పదకొండు మెసేజీల్లోనూ ఏడింటికి చీకటి పడింది. అవి మాకు రాత్రి పదకొండున్నరకు వచ్చేవి. అక్కడి గడియారానికీ ఇక్కడి గడియారానికీ నాలుగున్నర గంటల తేడా సరిగ్గా చూసుకుని మరీ పంపుతున్నారు. గడియారం చూసుకున్నారు గాని, సూర్యుణ్ణి చూసుకోలేదు.

నేనూ నిన్న రాత్రి ఇవే చదివాను, నాకూ ఏమీ తట్టలేదు. యాంగోన్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు ఏ నెలైనా ఏడయ్యేసరికి చీకటే. వానాకాలమైనా అంతే, ఎండాకాలమైనా అంతే. ఏడింటికి చీకటి పడిందంటే మాకు అందులో వింతేముంది? పద్మిని పదకొండుసార్లు చదివి ఊరుకుంది. ఈ మెసేజీలు పంపనిస్తున్నవాడూ వాటిని చదివి, ఏ తప్పూ లేదని పంపనిచ్చాడు.

రాసింది మాత్రం జయే. "అప్పా" అని పిలిచేదీ, కుట్టుమిషను బెల్టు మార్పించావా అని అడిగేదీ ఇంకెవరు? పొద్దు గుంకే టైములు తన చేత్తో రాసిపెట్టుకున్న పిల్ల పదకొండుసార్లు అదే పొరపాటు చేయదు. నేను యూరప్‌లో లేను అప్పా, మన ఊళ్ళోనే ఉన్నాను అని ఆ పిల్ల రోజూ చెబుతోంది. పక్కన కూర్చున్నవాడికి తెలియకుండా, మాకూ తెలియకుండా చెబుతోంది.

నిన్న రాత్రి పదకొండున్నర వరకూ జయ బతికే ఉంది. ఆ కుర్చీలో కూర్చుని నేను ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రభువును తలుచుకున్నాను. ఏడుపూ వచ్చింది.

"ఏటి సిస్టర్, ఇక్కడ కూడా ప్రార్థనేనా?"

కళ్ళు తెరిస్తే టోనీ. మా చర్చివాడే, మా పాత కంపెనీవాడే. నా కన్నా ఎనిమిదేళ్ళు చిన్న. కంపెనీ వదిలేసి సొంతంగా విచారణల ఆఫీసు పెట్టుకున్నాడు, కారూ కొన్నాడు. కంపెనీలో ఉన్నప్పుడు నా రిపోర్టుల మీద తన పేరు వేసుకుని పైవాళ్ళకు చూపించేవాడు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు, ఒప్పుకుంటున్నాను. పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

కోటిబాబు తనను పెట్టుకున్నాడని టోనీ దాచకుండా చెప్పాడు. జయ అక్కడే ఉండిపోయిందట. చాలామంది వయసు పిల్లలు చేసే పనేనట. అందుకని పద్మిని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మా చెల్లి తన ఇష్టంతో అక్కడే ఉండిపోయింది, ట్రావెల్సు మీద మాకు ఏ దావా లేదు అని అందులో ఉంది. ఈ సాయంత్రం ఆరింటికి పద్మిని ఇంటికి తానే వెళ్ళి పెట్టించుకుంటాడట. కాగితం నాకు చూపించాడు కూడా, తాను గెలిచానని చూపించుకోవాలని.

కింద తారీఖు చూశాను. పదో తారీఖు.

"గుంపు ఆదివారం వస్తాది. అంతదాకా ఆ పిల్ల తిరిగొస్తాదో రాదో ఎవరికీ తెల్దు. పదో తారీఖునే పారిపోనాదని కాగితం ఎలగ కొట్టించినారు టోనీ? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?"

టోనీ కాగితం తనవైపు తిప్పుకుని తారీఖు చదివాడు. ఆ తారీఖు తనూ చూసుకోలేదని నాకు అర్థమైంది. కానీ తగ్గే రకం కాదు. గొంతు తగ్గించి, ఈ సంగతి వదిలెయ్యమన్నాడు. సంతకం పెట్టేస్తే పద్మినికి మనశ్శాంతి, చెల్లి ఎక్కడో సుఖంగా ఉందని నమ్ముకుని బతుకుతుంది కదా అన్నాడు. ఆ సంతకం పడ్డాక జయ లెక్కప్రకారం యూరప్‌లో ఉన్న మనిషి. యాంగోన్‌లో ఏ మురుగుకాలవలోనో ఆ వయసు పిల్ల శవం తేలినా, అది జయ అయ్యే వీలే లేదు. తిరిగి వదిలిపెట్టాల్సిన పనీ లేదు. వాళ్ళు ఆ పిల్లను ఇన్నాళ్ళు బతికించి ఉంచింది ఆ మెసేజీల కోసమే, సంతకం అయ్యేదాకా.

"నీకు ఋజువేటున్నాది?" అన్నాడు టోనీ. "ఎప్పుడూ ఇంతే సిస్టర్ నువ్వు. అనుమానం నీది, పని మాది. నీ కాగితాలు నాను దిద్దకపోతే కంపెనీ నిన్నెప్పుడో ఇంటికి పంపేసును."

అక్కడ నాకు ఒళ్ళు మండింది. నోటుబుక్కు తీసి వాడి ముక్కు దగ్గర పెట్టాను. యూరప్‌లో జూలైలో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుందనీ, ఈ మెసేజీలన్నిటిలో ఏడింటికే చీకటి పడిందనీ, ఇవి రాసిన మనిషి ఈ ఊళ్ళోనే ఉందనీ వాడికి చదివి వినిపించాను. అలా వినిపిస్తుంటే నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. ఇరవై ఏళ్ళ బాకీ తీరినట్టయింది.

టోనీ ఆ పేజీలు ఒక్కొక్కటే తిరగేశాడు. తరవాత మెల్లగా అడిగాడు.

"ఇది ఇంకెవరికైనా సెప్పినావా?"

"ఇంకా లేదు" అన్నాను. ఆ మాట అన్నాకే నాకు భయం వేసింది. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలి గది వైపు చూశాడు. నేను సంచి తీసుకుని, జోగి బడ్డీ దాటేదాకా వెనక్కి చూడకుండా మెట్లు దిగాను. పదీ యాభై అయిదు.

టీకొట్లో కూర్చుని పన్నెండు దాకా ఆగాను, అక్కడివాళ్ళు నిద్ర లేవాలి కాబట్టి. గుంపులో బేబీ ఉంది, రిటైరైన నర్సు, పద్మినివాళ్ళ వీధే. ఫోను కలిసింది. జయ ఎలా ఉందని అడిగితే, అసలు కనబడందే ఎలా చెప్పనని నవ్వింది. ఏ ఊరు వెళ్ళినా మంచాలు సిద్ధంగా ఉంటున్నాయట, నిన్ననే వెళ్ళిపోయానని జయ వాళ్ళ గుంపు ఫోన్లో మెసేజీ పెడుతుందట. ఒక్కరూ ఆ పిల్లను కళ్ళతో చూడలేదు. మంచాలకు ముందు మనిషి అక్కరే లేదని నాకప్పుడు తెలిసింది. జయే మే నెలలో ఇక్కడినుంచి అన్నీ గట్టిగా బుక్ చేసిందని ప్లాను పుస్తకంలోనే ఉంది. ఆ ముందు మనిషి ఉద్యోగం ఆ పాస్‌పోర్టు కోసం పుట్టించింది.

తరవాత మెసేజీలన్నీ మళ్ళీ మొదటినుంచి చదివాను. ఇప్పుడు వాటిలో యూరప్ కనబడలేదు. "హాస్టలు పక్కన పెద్ద రైలు షెడ్డు ఉన్నాది అప్పా. పొద్దున్నించీ ఇనుము మీద సుత్తి దెబ్బలే. అన్నం వేళకి ఆగుతాది, మళ్ళీ మొదలవుతాది." ఇది బ్రస్సెల్స్ పేరుతో వచ్చింది. "ఇక్కడ రైళ్ళు ఎంత మెల్లగా ఎల్తాయో, మనుషులు నడుస్తున్న బండి ఎక్కేస్తన్నారు." ఇది మ్యూనిక్ పేరుతో, కానీ ఊరిచుట్టూ తిరిగే మా లోకల్ బండిని చూసి రాసినట్టే ఉంది. నేను పుట్టింది ఊరికి ఉత్తరాన ఇన్సేన్ రైల్వే క్వార్టర్లలో. మా నాన్న ఆ వర్క్‌షాపులో ఫిట్టరు, మా తమ్ముడు ఆర్థర్ ఇప్పటికీ అక్కడే ఉద్యోగం. ఆ సుత్తి దెబ్బలు వింటూ ఎక్కాలు నేర్చుకున్నదాన్ని, అన్నం వేళకు అవి ఆగితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు తెలుసు.

ఆర్థర్‌కు ఫోన్ చేశాను. షెడ్డు వెనక గోడ పొడుగునా ఓ పాతిక ఇళ్ళున్నాయని, ఎందులో కొత్తవాళ్ళు దిగారో డ్యూటీ దిగాక కనుక్కుంటానని అన్నాడు. ఇప్పుడే దిగమని బతిమాలాను. సూపర్‌వైజరు ఒప్పుకోడన్నాడు. మూడున్నరకు మళ్ళీ చేస్తే సరే, ఐదింటికల్లా బయటపడతానన్నాడు. కనీసం మాట దొరికింది. ఈ ఇన్సేన్ సంగతి టోనీకి తెలియదు, వాడితో మాట్లాడేటప్పటికి నాకే తెలియదు కాబట్టి బతికిపోయాం అనుకున్నాను. టాక్సీ ఎక్కి చిమిండైంగ్ బయల్దేరాను. టోనీ కన్నా ముందే పద్మినిని చేరి, ఆ కాగితం ముట్టుకోవద్దని చెప్పాలి, ఫోన్లో చెప్పే సంగతి కాదు. వాన, అడుగడుగునా బళ్ళు ఆగిపోవడం. చేరేసరికి ఐదూ ఐదు.

పద్మిని మిషను మీద ఎవరిదో స్కూలు లంగా కుడుతోంది. నన్ను చూసి లేచి, నా ముఖం చూసి మళ్ళీ కూర్చుంది. చెల్లి బతికే ఉందని ముందు ఆ మాట చెప్పాను. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మిగతాది ఎలా చెప్పాలా అని నేను మాటలు కూడదీసుకుంటుంటే మిషను మీద ఫోను మోగింది. మెసేజీ.

ఐదూ పది. ఈ పదకొండు రోజుల్లో ఒక్కసారీ ఈ వేళకు రాలేదు.

పద్మిని ఆత్రంగా తీసి చదువుకుంది. ముఖం విచ్చుకుంది. "సూసారా ఆంటీ, బాగానే ఉన్నాది, ఊరికే బెంగెట్టుకున్నాను" అని ఫోను నా చేతిలో పెట్టింది.

"అప్పా, ప్రాగ్‌లో ఉన్నాను. ఇక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురే, నిద్దర పట్టడం నేదు. ఈ రేత్రికే బస్సు, శానా దూరం ఊరు. ఇంక ఫోను పనిసెయ్యదు. టోనీ గారు తెచ్చే కాగితం మీద సంతకం పెట్టీ. నన్ను ఎతకమని పెట్టినావే, ఆ ఆవిణ్ణి మానీమని సెప్పు."

చదవడం అయ్యాక ఫోను ఆమెకు తిరిగి ఇచ్చేశాను. అక్కడే గుడ్డల మూట మీద కూలబడ్డాను. ప్రాగ్ దగ్గర జయ రాసుకున్నది తొమ్మిదీ ఐదు. పది అన్నది నేను. పొద్దున టోనీ ముక్కు దగ్గర పుస్తకం పెట్టి పది అని అరిచింది నేను. ఇది రాసినవాళ్ళు ఏ పుస్తకమూ చూడలేదు, నా నోటిమాట పట్టుకెళ్ళి రాశారు. టోనీ కావాలని చెప్పాడో, గొప్పకు చెప్పాడో, కోటిబాబు తలుపు వెనకనుంచి విన్నాడో నాకు తెలియదు. ఏదైనా ఒకటే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ లక్షసార్లు చెప్పి ఉంటుంది.

పైగా పద్మిని నన్ను పెట్టుకున్న సంగతి జయకు తెలియదు. తెలిసే దారే లేదు.

"ఏటయింది ఆంటీ?" అంది పద్మిని. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆమెకు అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెల్లి పన్నెండు రోజులుగా ఈ ఊళ్ళోనే ఉందని, చీకటి మాట రాసి రోజూ మనతో మాట్లాడిందని, నిన్నటిదాకా ఆ మెసేజీలు తనవేనని, ఇది మాత్రం తనది కాదని చెప్పాను. ఈ రాత్రి బస్సంటే చీకటి పడగానే ఆ పిల్లను లేకుండా చేయడమేనని కూడా చెప్పాను. ఆ పిల్ల మాట్లాడే ఒక్క దారీ మూతపడింది నా వల్లేనని, ఒకడిమీద గెలవాలని నోరు పారేసుకున్నానని చెప్పాను. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

పద్మిని ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు, తిడితే బాగుండుననిపించింది. మిషను మీది బట్ట పక్కన పెట్టి, కత్తెర తీసి రవికెలో దోపుకుని, చెప్పులు వేసుకుంది. ఎక్కడ అని అడిగింది. ఇన్సేన్, రైలు షెడ్డు వెనక, పాతిక ఇళ్ళలో ఏదో ఒకటి అన్నాను. ఆర్థర్‌కు ఫోన్ చేస్తే అప్పుడే గేటు దాటానన్నాడు. షెడ్డు వెనక సందులో ఒక వేను ఇంజను ఆపకుండా నిలబడి ఉందని, లోపల ఎవరూ లేరని, డ్రైవరు మాత్రం మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తున్నాడని చెప్పాడు.

పద్మిని గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది.

"సీకటి పడ్డానికి ఇంకెంత టైమున్నాది ఆంటీ?"

గోడ గడియారం చూశాను. ఐదూ ఇరవై.

"గంటన్నర" అన్నాను.